ఉగ్రవాద నిధుల కట్టడి: భద్రతా మండలి కమిటీ చేయలేని పని ఎఫ్‌ఏటీఎఫ్ ఎలా చేయగలిగింది?

ప్రశ్న అడిగినవారు: కృష్ణాతీరం

ఉగ్రవాద సంస్థలకు డబ్బు అందకుండా చూడటంలో దేశాల మధ్య సహకారం గురించి కొన్నాళ్లుగా చదువుతున్నాను. అందులో ఒక విషయం ఎంతకూ కొరుకుడు పడటం లేదు.

1999 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1267 తీర్మానం చేసి, దాని అమలుకు ఒక ఆంక్షల కమిటీని నియమించింది. ఆ కమిటీ జాబితాలో పేరు చేరితే ఆ వ్యక్తి ఆస్తులను స్తంభింపజేయడం, ప్రయాణాలను నిషేధించడం, ఆయుధాలు అందకుండా చూడటం సభ్యదేశాలన్నిటికీ తప్పనిసరి. ఇంత బలమున్న వ్యవస్థ జైష్-ఎ-మొహమ్మద్ సంస్థను 2001లోనే జాబితాలో చేర్చింది గాని, ఆ సంస్థను స్థాపించి నడిపిస్తున్న మసూద్ అజర్ పేరును చేర్చడానికి 2019 మే 1 దాకా ఆగవలసి వచ్చింది. భారతదేశం ఆ ప్రయత్నం మొదలుపెట్టింది 2009లో.

మరోవైపు ఎఫ్‌ఏటీఎఫ్, అంటే ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్, 1989లో జీ-7 దేశాలు పారిస్‌లో సమావేశమైనప్పుడు ఏర్పాటు చేసుకున్న బృందం. దానికి ఒప్పంద పత్రం లేదు, న్యాయస్థానం లేదు, ఒకరిపై ఆంక్షలు విధించే అధికారమూ లేదు. అయినా 2018 జూన్‌లో అది పాకిస్తాన్‌ను గ్రే లిస్టులో, అంటే లోపాలు సరిదిద్దుకునేదాకా నిఘాలో ఉంచే దేశాల జాబితాలో, పెట్టిన తరువాత రెండేళ్లు తిరగకముందే లాహోర్ న్యాయస్థానం లష్కర్-ఎ-తోయిబా స్థాపకుడు హఫీజ్ సయీద్‌కు జైలు శిక్ష వేసింది. చట్టబద్ధమైన అధికారం ఉన్న కమిటీ పదేళ్లు తడబడగా, అధికారమే లేని బృందం మాట ఎలా చెల్లింది? ఇదంతా కాగితం మీది మార్పేనని అనేవారి మాటలో నిజమెంత? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1: న్యాయశాస్త్ర విద్యార్థిని

కృష్ణాతీరం గారూ, మీ ప్రశ్నకు సమాధానంలో సగం ఆ రెండు సంస్థలు నిర్ణయం తీసుకునే పద్ధతిలోనే ఉంది.

1267 కమిటీలో భద్రతా మండలిలోని 15 దేశాలే సభ్యులు, నిర్ణయం ఏకాభిప్రాయంతోనే జరగాలి. ప్రతిపాదన వచ్చిన తరువాత నిర్ణీత గడువులోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే పేరు చేరినట్లే. ఏ ఒక్క దేశమైనా ‘టెక్నికల్ హోల్డ్’ పెడితే, అంటే ప్రస్తుతానికి ఆపమంటే, అక్కడే ఆగిపోతుంది. హోల్డ్ పెట్టిన దేశం బహిరంగంగా కారణం చెప్పనక్కరలేదు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ దాడి తరువాత భారత్ పంపిన ప్రతిపాదనను చైనా మొదట హోల్డ్‌లో ఉంచి, గడువు పొడిగించి, ఆ ఏడాది చివరికి పూర్తిగా అడ్డుకున్నది. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి జరిగాక అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి తెచ్చిన ప్రతిపాదనకూ మార్చిలో అదే గతి పట్టింది. అప్పుడు అమెరికా ఇక కమిటీని పక్కనబెట్టి, భద్రతా మండలిలోనే ఒక ముసాయిదా తీర్మానాన్ని సభ్యులకు పంచింది. తలుపులు మూసుకుని పెట్టిన అభ్యంతరాన్ని అందరి ముందూ సమర్థించుకోవలసిన పరిస్థితి రావడంతో, చైనా మే 1న తన హోల్డ్‌ను ఎత్తివేసింది. అయితే పేరు చేర్చడానికి కారణాలుగా కమిటీ ప్రకటించిన వివరాలలో పుల్వామా ప్రస్తావన లేదు. ఆ మేరకు బేరసారాలు జరిగాయని అనుకోవడం తప్పు కాదు.

ఇదే ‘మౌనం అర్ధాంగీకారం’ అన్న పద్ధతికి ఇంకొక ముఖం ఉంది. 2008 డిసెంబరులో జాబితాకెక్కిన హఫీజ్ సయీద్, స్తంభించిపోయిన తన ఖాతా నుంచి ఇంటి ఖర్చులకు నెలకు లక్షన్నర పాకిస్తానీ రూపాయలు తీసుకునేందుకు ఆ దేశం అనుమతి కోరగా, 2019 ఆగస్టులో గడువు ముగిసేలోగా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు గనుక అనుమతి దక్కింది. కనీస జీవనావసరాలకు మినహాయింపు ఇవ్వడం న్యాయమే, దానిని నేను తప్పుపట్టడం లేదు. అభ్యంతరం చెప్పగల స్థానంలో అప్పుడు భారత్ లేదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. మనం మండలిలో తాత్కాలిక సభ్యులమైనది 2021, 2022 సంవత్సరాలకు.

ఎఫ్‌ఏటీఎఫ్‌లోనూ ఏకాభిప్రాయమే మాట, కానీ అక్కడ ఒక్క దేశం అడ్డుపడితే నిర్ణయం ఆగదు. 2018 ఫిబ్రవరిలో పాకిస్తాన్ విషయం చర్చకు వచ్చినప్పుడు చైనా, సౌదీ అరేబియా, తుర్కియే మొదట వ్యతిరేకించాయని, చివరికి మొదటి రెండూ తప్పుకోగా తుర్కియే ఒక్కటే మిగిలిందని అప్పట్లో పత్రికలు రాశాయి. పైగా అక్కడ చర్చకు వచ్చేది ‘ఫలానా మనిషి ఉగ్రవాదియా కాదా’ అన్న రాజకీయ ప్రశ్న కాదు. ‘మీ చట్టం ఈ పని చేస్తున్నదా, ఎన్ని కేసులు పెట్టారు, ఎన్ని ఆస్తులు జప్తు చేశారు’ అన్న లెక్కల ప్రశ్న. ఉగ్రవాదం అంటే ఏమిటో నిర్వచించే సమగ్ర ఒప్పందాన్ని భారత్ 1996లో ప్రతిపాదిస్తే అది ఈనాటికీ నిర్వచనం దగ్గరే చిక్కుకుని ఉన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. నిర్వచనం జోలికి పోకుండా డబ్బు దారి వెంట నడవడమే ఎఫ్‌ఏటీఎఫ్ తెలివి అని నా అభిప్రాయం.

జవాబు 2: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

అమ్మాయి చెప్పినది పద్ధతి గురించి. మిగిలిన సగం బ్యాంకుల లోపల ఉంది. ముప్పై ఏళ్లు ఆ పని చేసినవాడిగా దానిని నేను చెబుతాను.

ఒక దేశపు బ్యాంకు డాలర్లలో చెల్లింపు చేయాలంటే న్యూయార్క్‌లోనో లండన్‌లోనో ఉన్న మరొక బ్యాంకులో దానికి ఖాతా ఉండాలి. దానినే కరస్పాండెంట్ బ్యాంకు సంబంధం అంటాము. గ్రే లిస్టులో పడిన దేశంతో లావాదేవీలు ఆపమని ఎఫ్‌ఏటీఎఫ్ ఎవరికీ చెప్పదు. అయితే ఆ పెద్ద బ్యాంకులోని నిబంధనల విభాగం వారు మాత్రం ప్రతి చెల్లింపుకూ అదనపు కాగితాలు అడగడం మొదలుపెడతారు, ఎల్‌సీలకు (దిగుమతుల చెల్లింపుకు బ్యాంకులిచ్చే హామీ పత్రాలకు) ఛార్జీలు పెరుగుతాయి, లాభం తక్కువైన చోట ఖాతానే మూసేస్తారు. విదేశీ మారకం కోసం ఏటా అప్పులకు తిరిగే దేశానికి ఇది ఊపిరాడని పరిస్థితి. దౌత్యవేత్త ఇచ్చే హెచ్చరికను పక్కన పెట్టవచ్చు గాని బ్యాంకు గుమాస్తా అడిగిన కాగితం ఇవ్వక తప్పదు.

ఇక డబ్బు ఎంత చిన్న మొత్తంలో కదులుతుందో చూడండి. 2008 నవంబరు 26న ముంబయిపై దాడి చేసినవారు తమను నడిపించినవారితో మాట్లాడటానికి వాడిన ఇంటర్నెట్ ఫోన్ ఖాతా కోసం, సరిగ్గా దాడికి ముందు రోజు, ఇటలీలోని బ్రెషా నగరంలో ఉన్న ఒక డబ్బు పంపే దుకాణం నుంచి అమెరికాలోని కంపెనీకి వెళ్లినది 229 డాలర్లు. అదీ ఇటలీలో అడుగే పెట్టని మరొక మనిషి పేరు మీద. ఏడాది తరువాత ఇటలీ పోలీసులు ఆ దుకాణం నడిపేవారిని అరెస్టు చేశారు. ముంబయిలో ఫోన్ సంభాషణలు విన్న అధికారులు, అమెరికాలోని కంపెనీ రికార్డులు, ఇటలీ పోలీసులు — ఈ మూడూ ఒకచోట కలిస్తే తప్ప ఆ 229 డాలర్ల ఆచూకీ దొరికేది కాదు. అంత చిన్న మొత్తం మామూలుగా నివేదికల పరిమితులను దాటదు.

మన దగ్గర 2002లో చేసి 2005 జులై నుంచి అమలులోకి తెచ్చిన మనీ లాండరింగ్ నిరోధక చట్టం ప్రకారం, బ్యాంకులు పది లక్షలు దాటిన నగదు లావాదేవీలనూ, మొత్తం ఎంతైనా సరే అనుమానం కలిగించిన లావాదేవీలనూ ఢిల్లీలోని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు నివేదించాలి. ఆ యూనిట్ 2007లో, వివిధ దేశాల ఇలాంటి యూనిట్ల కూటమి అయిన ఎగ్మాంట్ గ్రూపులో చేరింది కాబట్టి, ఇతర దేశాల్లోని అలాంటి యూనిట్లను నేరుగా సమాచారం అడగగలదు. న్యాయస్థానాల ద్వారా పంపే అభ్యర్థన పత్రాలు నెలలు, ఏళ్లు తీసుకునే చోట ఈ దారి ఎంతో దగ్గరది. అయితే ఇలా వచ్చిన సమాచారం దర్యాప్తుకు దారి చూపుతుందే గాని, చాలా సందర్భాల్లో కోర్టులో సాక్ష్యంగా నిలవదు. దానికి మళ్లీ ఆ పొడుగాటి దారే పట్టాలి. అనుమానాస్పద నివేదిక పంపినట్లు ఖాతాదారుకు చెప్పడం నిషిద్ధం. మా శాఖకు వచ్చి ‘నా డబ్బు ఎందుకు ఆగింది’ అని అడిగినవారికి ఏమీ చెప్పలేక నిలబడిన రోజులు ఉన్నాయి. వారిలో ఎక్కువమంది కేవలం పేరు కలిసినందువల్ల చిక్కుకున్న మామూలు మనుషులే.

జవాబు 3: షార్జా నుంచి

నేను షార్జాలో ఒక వ్యాపార సంస్థ లెక్కలు చూస్తాను. బ్యాంకు ఉద్యోగి గారు చెప్పినదానికి నా కళ్లారా చూసినది జోడిస్తాను. యూఏఈని 2022 మార్చిలో గ్రే లిస్టులో పెట్టి, 2024 ఫిబ్రవరిలో తీసివేశారు. ఆ కాలంలో కంపెనీకి అసలు యజమాని ఎవరో నమోదు చేయించడం, బంగారం వ్యాపారులు 55,000 దిర్హాములు, ఆపైన నగదు తీసుకుంటే నివేదించేలా చూడటం వంటి నిబంధనలను ఎంత గట్టిగా అమలు చేశారో మాకు తెలుసు. ధనిక దేశమైనా ఆ జాబితాను అవమానంగానే భావించింది.

ఒక చిక్కు మాత్రం ఎవరూ విప్పలేదు. ఇక్కడ హవాలా వ్యాపారి సెంట్రల్ బ్యాంకు దగ్గర రిజిస్టరు చేయించుకుని చట్టబద్ధంగా పని చేయవచ్చు. భారత్‌లో హవాలా చట్టవిరుద్ధం. జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు నుంచి వచ్చిన కార్మికుడు ఇంటికి పంపే డబ్బు ఒక కొనలో సక్రమం, మరొక కొనలో నేరం అవుతున్నది. ఆ డబ్బులో అత్యధిక భాగం పిల్లల ఫీజులు, ఇంటి అప్పులే. వాటి మధ్య దాక్కున్న చెడ్డ సొమ్మును వెదకాలంటే రెండు దేశాల రికార్డులు కలవాలి. ఒకవైపు రికార్డే లేకపోతే దేనితో కలుపుతారు?

కృష్ణాతీరం

ముగ్గురికీ ధన్యవాదాలు. నా రెండవ సందేహం మిగిలే ఉంది. 2022 అక్టోబరులో పాకిస్తాన్‌ను జాబితా నుంచి తీసివేశారు కదా, ఆ తరువాత 2025 ఏప్రిల్ 22న పహల్గాం ఉగ్రదాడి జరిగింది. అంటే ఆ నాలుగేళ్ల ఒత్తిడి వృథాయేనా?

జవాబు 4: న్యాయశాస్త్ర విద్యార్థిని

పూర్తిగా వృథా అని నేను అనను, ఫలించిందనీ అనలేను. సరిదిద్దుకోమని ఎఫ్‌ఏటీఎఫ్ మొదట ఇచ్చిన 27 అంశాలకు 2021 జూన్‌లో మరో ఏడు కలిపి, మొత్తం 34 అంశాలు పూర్తయ్యాయని నిర్ధారించుకున్నాకే పాకిస్తాన్‌ను విడిచిపెట్టారు. హఫీజ్ సయీద్‌కు, లష్కర్ నాయకుడు లఖ్వీకి శిక్షలు పడినవి ఆ కాలంలోనే. చనిపోయాడని పాకిస్తాన్ అధికారులు ఒకప్పుడు చెప్పినట్లు వార్తలు వచ్చిన, ముంబయి దాడి సూత్రధారుల్లో ఒకడైన సాజిద్ మీర్ కూడా 2022లో శిక్షపడి జైల్లో తేలాడు. అయితే ఈ ముగ్గురికీ పడినవి నిధుల నేరానికి సంబంధించిన శిక్షలే. ముంబయిలో 166 మందిని చంపించిన నేరానికి పాకిస్తాన్ కోర్టులో ఎవరికీ శిక్ష పడలేదు. లెక్కల ప్రశ్న అడిగితే లెక్కల సమాధానమే వస్తుంది. నేను ఇంతకుముందు ‘తెలివి’ అని మెచ్చుకున్న పద్ధతికి హద్దు కూడా అదే.

పహల్గాం దాడిని ఎఫ్‌ఏటీఎఫ్ 2025 జూన్‌లో పేరుపెట్టి ఖండించింది. డబ్బూ, దానిని చేరవేసే దారులూ లేకుండా ఇలాంటి దాడులు జరగవని అన్నది గాని పాకిస్తాన్‌ను మళ్లీ జాబితాలో పెట్టలేదు. అంతకు నెల ముందే, మే 9న, అంతర్జాతీయ ద్రవ్యనిధి పాకిస్తాన్‌కు దాదాపు వంద కోట్ల డాలర్ల వాయిదా మంజూరు చేసింది. భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉండి తన అభ్యంతరాన్ని నమోదు చేసుకున్నది.

ఇంకొక మాట. 2024లో వెలువడిన మదింపులో మన దేశం 40 సిఫారసులలో 37 విషయాల్లో మంచి స్థాయి అందుకున్నా, ఈ కేసుల విచారణలు ఏళ్ల తరబడి సాగుతున్నాయని, స్వచ్ఛంద సంస్థలపై నిఘా ముప్పు ఎక్కడుందో దానికి తగినట్లుగా లేదని ఎఫ్‌ఏటీఎఫ్ ఎత్తిచూపింది. రేపు పాకిస్తాన్ విషయాన్ని మళ్లీ ఆ సమావేశంలో లేవనెత్తాలంటే మన ప్రతినిధుల చేతిలో ఉండవలసినది ముగిసిన విచారణల తీర్పులు. పెండింగ్ కేసుల జాబితాను ఎదుటివారు మనకే తిప్పి చూపించగలరు.