గుర్రం, గాడిద సంగతి సరే, అసలు ఒక జాతి రెండుగా ఎలా చీలుతుంది?

డిగ్రీ_బెంచీ: గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, వాటికి పుట్టే కంచర గాడిదకు 63, అందుకే దానికి దాదాపుగా పిల్లలు పుట్టవు. ఇక్కడిదాకా అర్థమైంది. కానీ ఈ చీలిక మొదలయ్యేది ఎలా? మధ్యలో కొండో సముద్రమో అడ్డు రావాల్సిందేనా? ఎల్లుండి పరీక్ష, ఒకటే టెన్షన్.

పురుగుల_పిచ్చి: అడ్డు ఉంటే పని తేలికవుతుంది, అంతే. అమెరికాలో ఒక చిన్న ఈగ ఉంది, అది మొదట హాథార్న్ అనే ముళ్ల చెట్టు కాయల్లోనే గుడ్లు పెట్టేది. యూరప్ నుంచి వెళ్లినవాళ్లు ఆపిల్ తోటలు వేశాక, 1800ల మధ్యకాలంలో కొన్ని ఈగలు ఆపిల్‌కి మారాయి. అసలు కిటుకు ఏంటంటే ఇవి జతకట్టేది కాయ దగ్గరే, పైగా ఆపిల్ మూడు నాలుగు వారాలు ముందే పండుతుంది, రెక్కలొచ్చాక ఈగ బతికేదేమో నెల రోజులు. అంటే ఒకే ఊళ్లో ఉన్నా రెండు గుంపులూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురుపడవు. వాసన కూడా కలిసొచ్చింది, దేనికి దాని కాయ వాసనే ఇష్టం.

డిగ్రీ_బెంచీ: అయితే ఇప్పుడవి రెండు జాతులేనా అండీ?

పురుగుల_పిచ్చి: ఇంకా కాలేదు. తరానికి 4 నుంచి 6 శాతం దాకా అటూ ఇటూ కలుస్తూనే ఉన్నాయి. సగం దారిలో ఉన్నాయనుకో.

గూడు_పిట్ట: పసిఫిక్ సముద్రంలోని గాలాపగోస్ దీవుల పిచ్చుకల్ని కూడా చూడు తమ్ముడూ. 1981లో అక్కడి డాఫ్నే మేజర్ దీవికి వేరే దీవి నుంచి ఒక మగ పిట్ట ఎగిరొచ్చి అక్కడి జాతి పిట్టతో జతకట్టింది. దాని సంతానం పాట వేరు, ముక్కు వేరు, దాంతో కొద్ది తరాల్లోనే తమలో తామే జతకట్టడం మొదలుపెట్టాయి. పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే శాస్త్రవేత్త దంపతులు ఇదంతా కళ్లారా చూసి రాసుకున్నారు.