మాటిమాటికి వ్రేలు... మడిచా, ముంచా?

డాలస్ కోడలు: సూపర్ బౌల్ ఫుట్‌బాల్ ఫైనల్ చూడ్డానికి జనం వస్తున్నారని పిగ్స్ ఇన్ ఎ బ్లాంకెట్ చేస్తున్నా, అదే క్రెసెంట్ డో అనే రెడీమేడ్ పిండి డబ్బా తెరిచి మూడు మూలల ముక్కల్ని సన్న పట్టీలుగా కోసి చిట్టి చికెన్ సాసేజీలకి చుట్టి, పైన గుడ్డు సొన రాసి నువ్వులు చల్లి 375 ఫారన్‌హీట్‌లో పావుగంట లోపే. పక్కన మస్టర్డ్, తేనె, మయోనీస్ కలిపిన సాస్. అవి ఓవెన్‌లోంచి రాకముందే మావాడు సాస్‌లో వేలు ముంచి చెల్లిని ఊరిస్తూ నాకుతున్నాడు. పోతన భాగవతంలో కృష్ణుడూ గొల్లపిల్లలూ చల్ది తినే పద్యం గుర్తొచ్చింది, "మాటిమాటికి వ్రేలు ముంచి యూరించుచు". ముంచి యేనా? ఎక్కడో తేడా కొడుతోంది.

తెనాలి మాస్టారు: "మడిఁచి" అమ్మా. ముంచి పెట్టినా గణం పడుతుంది, రగణం. పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన యతి మాత్రం చస్తుంది. "మా"కి "మ" సరిపోతుంది, "ము" ఎలా కుదురుతుంది?

కాకినాడ కాజా: యతి సరే మాస్టారూ, వేలు మడవడమంటే ఏంటి? ఊరగాయ ఎదుటివాడి నోటిదాకా తెచ్చి వేలు వెనక్కి మడుచుకోవడం అని నేననుకుంటా. వేలు ఆడించి "రా రా" అని పిలవడం అనేవాళ్ళూ ఉన్నారు, నాకది నచ్చదు.

తెనాలి మాస్టారు: అర్థం తర్వాత చూద్దాం, రెండో సగం చూశారా? "నూరుఁగాయలు దినుచుండు నొక్కఁడు". నూ, చుం చూసి యతి లేదంటారు తొందరపడేవాళ్ళు. సంధి విడదీస్తే ఊరుగాయలు, తినుచు + ఉండు. ఊకి ఉ. అదీ పోతనంటే!

వరంగల్ పోరడు: ఊరించుడు, ఊరుగాయ పక్కపక్కకే పెట్టిండు సూడుండ్రి, గదీ మజా. మా బమ్మెర ఊరాయన మరి.

కడప రెడ్డి: ఒంటిమిట్ట అనల్ల గదప్పా.

వరంగల్ పోరడు: మళ్ళ షురూ జేసిన్రా?

కాకినాడ కాజా: పోతన ఏ ఊరివాడన్న గొడవ ఆపండి బాబూ. నా థియరీ వినండి. పోతన నాటికి మనకి మిరపకాయ లేదు, పోర్చుగీసువాళ్ళు వచ్చాకే కదా. అంటే ఆ గొల్లపిల్లల ఊరగాయలో కారం మిరియంతోనో ఆవపిండితోనో వచ్చి ఉండాలి. లెక్క ప్రకారం ఈవిడ మస్టర్డ్ సాసే మన ఎర్రటి ఆవకాయ కంటే పోతనకి దగ్గర 😄

కడప రెడ్డి: దగ్గరే గానీ తేనె, మయోనీస్ ఏ స్కంధంలో ఉండాయి?

లీడ్స్ తమ్ముడు: అక్కా, ఇక్కడ పిగ్స్ ఇన్ బ్లాంకెట్స్ అంటే సాసేజీకి బేకన్ చుట్టేది, క్రిస్మస్ భోజనంలో టర్కీ పక్కన పెడతారు, పిండే ఉండదు. పిండిలో పెట్టిందాన్ని సాసేజ్ రోల్ అంటారు. అన్నట్టు కృష్ణుడు వేళ్ళ సందుల్లో ఊరగాయలు ఇరికించుకునేది కూడా ఈ పద్యమేనా?

తెనాలి మాస్టారు: కాదు నాయనా, అది వేరే సీసం. "చెలరేఁగి కొసరి తెచ్చిన యూరుఁగాయలు వ్రేళ్ళసందులయందు". అక్కడ "కొసరి" చూడు, కొసరి తెచ్చుకున్నాడట, యాగభోక్త! మీగడ పెరుగు కలిపిన చల్దిముద్ద ఎడం చేతిలో. ఆ ఒక్క మాటకి...

డాలస్ కోడలు: మాస్టారూ మళ్ళీ వస్తా, టైమర్ మోగుతోంది. సాస్ గిన్నె ముందు "నంజుకోండి" అని చీటీ పెడుతున్నా. నంజుకోవడమా, నంచుకోవడమా?

కాకినాడ కాజా: నంచు. అంచున తగిలించి తినేది కాబట్టి.

వరంగల్ పోరడు: మేమైతే అద్దుకుంటం.

తెనాలి మాస్టారు: అంచుకీ దానికీ సంబంధం లేదు, నంజే. అసలు నంజుడు అంటే నిఘంటువుల్లో మాంసం, నంజుడుదిండి అంటే రాక్షసుడు. ఆ లెక్కన గిన్నెలోది నంజు, చుట్టలోది నంజుడు.

కాకినాడ కాజా: మరి వచ్చిన అతిథులు?

కడప రెడ్డి: మాస్టారూ, నంజుడుకీ నంజుకోవడానికీ ధాతువు ఒకటే అంటారా? నేనొప్పుకోను. రాత్రికి రాస్తా.