ఇంటిమీద సోలార్: పెట్టిన డబ్బు నిజంగా తిరిగొస్తుందా?

కొత్తిల్లు:
ఇల్లు పూర్తయింది. పైన సోలార్ వేయించమని ఒకరు, ఆ డబ్బు బ్యాంకులో వేసుకోమని ఒకరు. మా వాడకం నెలకు 350 యూనిట్ల దాకా ఉంటుంది. పగలు ఇంట్లో ఎవరూ ఉండం కాబట్టి చాలావరకు రాత్రిపూటే. కోట్ ఇచ్చినతను మూడు కిలోవాట్లు వేస్తే ఏడేళ్ళలో పెట్టుబడి వచ్చేస్తుందంటున్నాడు. వేయించుకున్నవాళ్ళు కాస్త చెప్పండి.

ఎండపొద్దు:
కళ్ళు మూసుకుని వేయించండి. నాది ఐదు కిలోవాట్లు. బిల్లులో కనెక్షన్ చార్జీ తప్ప ఇంకేమీ ఉండదు. ప్యానెళ్ళకు 25 ఏళ్ళ వారంటీ. ఏడేళ్ళు తీసేయండి, మిగతా పద్దెనిమిదేళ్ళూ ఉచిత కరెంటే. ఇందులో ఇంత ఆలోచించడానికి ఏముంది?

పద్దుపుస్తకం:
ఆ ఏడేళ్ళ లెక్కలో వడ్డీ ఉందా అండీ? పెట్టుబడి 100 అనుకోండి. ఏడాదికి 14 మిగిలితే ఏడేళ్ళు, ఒప్పుకుంటాను. కానీ ఆ 100 ఇంకోచోట పెడితే 7 శాతం వచ్చేదనుకోండి, అప్పుడు పదేళ్ళు దాటుతుంది. అప్పు చేసి వేయించినా ఇంతే. ప్యానెళ్ళ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌ను పది నుంచి పదిహేనేళ్ళ మధ్య మార్చాల్సి వస్తుంది, అదీ రాసుకోండి. ప్యానెల్ దిగుబడి ఏటా అర శాతం దాకా తగ్గుతుంది, అదీ రాసుకోండి. తర్వాత ఉచితం అనండి.

ఎండపొద్దు:
మీరు పెరిగే వడ్డీ చూశారు, పెరిగే కరెంటు రేటు చూడలేదు. యూనిట్ ధర ఏటా 4 శాతం పెరిగితే మీ పదేళ్ళు ఎనిమిదిన్నరకు దిగుతాయి. అయినా ఫ్రిజ్ కొన్నప్పుడు వడ్డీ లెక్కేశారా?

పద్దుపుస్తకం:
ఫ్రిజ్ డబ్బు సంపాదించి పెడుతుందని చెప్పి నాకెవరూ అమ్మలేదు. ఇంతకీ మీ ఏడేళ్ళలో వడ్డీ ఉందా, లేదా?

చిన్నపిట్ట:
వడ్డీ సంగతి తర్వాత. ప్యానెళ్ళ కింద చుట్టూ జాలీ కొట్టించుకోండి. పావురాలు గూడు పెట్టాక వాటిని కదిలించడం మనవల్ల కాదు.

మసకనీడ:
మా గోడు కూడా వినండి. సర్వేకి వచ్చినతను మిట్టమధ్యాహ్నం మేడెక్కి, నాలుగు ఫొటోలు తీసుకుని దిగిపోయాడు. చలికాలంలో పొద్దు కిందికి వాలాక పక్కింటి వాటర్ ట్యాంకు నీడ సాగి సాగి మా ప్యానెళ్ళ మీదికి వస్తుందని చూడలేదు. సాయంత్రం మూడయ్యేసరికి రెండు ప్యానెళ్ళ అంచున నల్లటి పట్టీ. యాప్‌లో గ్రాఫ్ అక్కడే గోడ కట్టినట్టు పడిపోతుంది. ఫోన్ చేస్తే మబ్బులేమో సార్ అంటాడు. దానికితోడు కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది! ఎండ నెత్తిన ఉండగా ఇంట్లో ఫ్యాను తిరగదు. సోలారంతా మోసం.

స్పానర్:
నేను ఈ పనే చేస్తాను. మసకనీడ గారూ, మోసం సోలార్‌లో లేదు, ఆ సర్వేలో ఉంది. ఒక్కో ప్యానెల్‌లో సెల్స్ సాధారణంగా మూడు గుంపులు, గుంపుకో బైపాస్ డయోడ్. ఒక్క సెల్ మీద గట్టి నీడ పడినా ఆ గుంపు మొత్తం పక్కకు తప్పుకుంటుంది, అంటే ప్యానెల్‌లో మూడో వంతు పోయినట్టే. నీడ పడే చోట, ఒక ప్యానెల్ మీది నీడ మిగతావాటిని లాగకుండా, ప్యానెల్‌కో మైక్రో ఇన్వర్టరో, ఆప్టిమైజరో పెడతారు. ఖర్చు పెరుగుతుంది కాబట్టి కొందరు ఆ ఊసే ఎత్తరు. ఇక కరెంటు పోతే ఆగడం మనుషుల ప్రాణం కోసం. లైను ఆపేశామనుకుని స్తంభం ఎక్కినవాడికి మీ ఇంటి నుంచి షాక్ కొట్టకూడదు కదా. అప్పుడు కూడా నడవాలంటే బ్యాటరీ, దానికి తగ్గ ఇన్వర్టర్ కావాలి.

ఇంకోటి. ప్యానెల్ మీద రాసిన వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలిచినవి. మండుటెండలో సెల్ 65 డిగ్రీలకు చేరితే, డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం ఎగిరిపోతుంది. బాగా ఎండ కాసే చోట కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు అనుకోండి. కొత్తిల్లు గారూ, మీరు పగలు ఇంట్లో ఎవరూ ఉండరన్నారు. కాబట్టి అక్కడ బయటి కరెంటు లైన్లకు, అంటే గ్రిడ్‌కి పంపిన యూనిట్‌కు యూనిట్ తిరిగిస్తారా, లేక తక్కువ రేటు కడతారా అన్నది ముందు కనుక్కోండి. వడ్డీ కన్నా మీ లెక్కను ఎక్కువగా మార్చేది అదే.

పద్దుపుస్తకం:
అదే నేననేది. 2023 ఏప్రిల్ నుంచి కాలిఫోర్నియాలో కొత్తగా పెట్టుకునేవాళ్ళకు, గ్రిడ్‌కి పంపే యూనిట్ మీద వచ్చేది నాలుగింట మూడు వంతుల దాకా తగ్గిపోయింది. స్పెయిన్ 2015లో ఏకంగా సొంత సోలార్ మీదే చార్జీ వేసి, 2018లో ఎత్తేసింది. మూడేళ్ళకోసారి మారే నిబంధన మీద 25 ఏళ్ళ లెక్క కడతారా?

ఎండపొద్దు:
కాలిఫోర్నియాలో పాతవాళ్ళకు 20 ఏళ్ళపాటు పాత పద్ధతే ఉంచారన్నది మాత్రం మీరు రాయరు! అంటే ముందు పెట్టుకున్నవాడే బాగుపడ్డాడు. మీరు పెట్టుకోరు, పెట్టుకునేవాణ్ణి పెట్టుకోనివ్వరు. ఇది లెక్క కాదు సార్, కుళ్ళు.

పద్దుపుస్తకం:
మాట మర్యాదగా రానివ్వండి.

అద్దెకొంప:
ఎండపొద్దు గారూ, రాత్రి మీ ఏసీ దేనితో నడుస్తోంది? ఆ తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు యూనిట్ రేటులోనే కలిపి ఉంటుంది. మీరు యూనిట్లు కొనకపోతే ఆ భారం మా బిల్లులోకి వస్తుంది. నేను అద్దెకుండేవాణ్ణి, మీ జీరో బిల్లుకు నేనెందుకు కట్టాలి?

ఎండపొద్దు:
మధ్యాహ్నం నేను పంపే కరెంటు పక్కింటి ఏసీకే పోతుంది. ఎక్కడి నుంచో మోసుకొచ్చే నష్టం తగ్గుతుంది. అది ఎవరికి లాభం?

అద్దెకొంప:
మధ్యాహ్నం సరే. అందరూ స్విచ్ వేసేది పొద్దుగూకాక. అప్పుడు మీరూ మా వరసలోనే నిలబడతారు.

పద్దుపుస్తకం:
మీరు పెట్టుకోరు అన్నారు కాబట్టి చెప్తున్నా. నాది అపార్ట్‌మెంట్. పైకప్పు అందరిదీ. సోలార్ పెడదామని మీటింగులో అడిగింది నేనే, ఒప్పుకోలేదు. కాబట్టి ఏ లెక్క వేసినా నాకు మిగిలేది సున్నా, ఏ చార్జీ పెంచినా కట్టేది నేను. సొంత పైకప్పు ఉన్నవాళ్ళు ఆలోచించడానికి ఏముంది అంటుంటే ఒళ్ళు మండదా?

ఎండపొద్దు:
ఆ మాట మొదటే అంటే పోయేది కదా! ఇంత వడ్డీ పాఠం దేనికి?

పద్దుపుస్తకం:
వడ్డీ పాఠం వేరు, ఇది వేరు. ఆ లెక్కలో తప్పెక్కడుందో మీరు ఇప్పటికీ చూపించలేదు.

కొత్తిల్లు:
పంపే యూనిట్ రేటు కనుక్కుంటాను. స్పానర్ గారూ, అది తక్కువైతే మాత్రం మూడు కిలోవాట్ల బదులు రెండుతో సరిపెట్టుకోవచ్చా? గీజర్, వాషింగ్ మెషీన్, నీళ్ళ మోటారు టైమర్ పెట్టి పగటికి మారిస్తే?

స్పానర్:
మార్చండి, బ్యాటరీ కన్నా చాలా చవక. కాకపోతే మూడూ ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి నడిచేలా పెట్టుకోండి. రెండు కిలోవాట్ల గీజర్ ఒక్కటే మీ ప్యానెళ్ళ కరెంటంతా తాగేస్తుంది. ఇన్వర్టర్ మాత్రం తర్వాత ప్యానెళ్ళు కలుపుకోవడానికి వీలున్నది తీసుకోండి.

పద్దుపుస్తకం:
టైమర్ల ఖర్చు కూడా రాసుకోండి.