విచారణకు చట్టంలో గడువు పెడితే, అది దాటాక ఏం జరగాలి?

వాయిదాపక్షి: క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే చట్టం బీఎన్‌ఎస్‌ఎస్. దాని 251వ సెక్షన్ ప్రకారం ఛార్జి (అభియోగాల) మీద తొలి వాయిదా నుంచి 60 రోజుల్లో అభియోగాలు నమోదు కావాలి. 258 ప్రకారం వాదనలయ్యాక 30 రోజుల్లో, కారణాలు రాస్తే 45 రోజుల్లో తీర్పు. దాటితే? ఏమీ లేదు. అదే 187 చూడండి. నేర తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే డిఫాల్ట్ బెయిలు, అంటే గడువు దాటినందుకే లోపలున్న ముద్దాయికి హక్కుగా వచ్చే బెయిలు. అందుకే ఐవోలు (దర్యాప్తు అధికారులు) 85వ రోజు నుంచి ఉరుకులు పెడతారు. విచారణకూ అలాంటి గడువే కావాలి.

బార్‌రూమ్ టీ: ఆ ఉరుకుల ఫలితమూ చెప్పండి మరి. ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు లేకుండానే ఛార్జిషీటు వేస్తారు, ‘వచ్చాక దాఖలు చేస్తాం’ అని ఒక లైను. కోర్టు ఆఫీసు అభ్యంతరాలతో రిటర్న్ చేస్తుంది. సరిచేసి మళ్లీ వేసి, మేజిస్ట్రేట్ కోర్టులో పీఆర్సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరు పడి, అక్కణ్నుంచి సెషన్స్ కోర్టుకి కమిట్ (బదిలీ) అయ్యేదాకా ముద్దాయి లోపలే. వేసిన రోజే డిఫాల్ట్ హక్కు పోయిందంటారు ప్రభుత్వ వకీలు పీపీ గారు. ఇక విచారణ గడువులంటారా, 1996లో కామన్ కాజ్, 1998లో రాజ్‌దేవ్ శర్మ కేసుల్లో సుప్రీంకోర్టు పెట్టి చూసింది. 2002లో పి.రామచంద్రరావు కేసులో ఏడుగురు జడ్జీలు కొట్టేశారు.

వాయిదాపక్షి: గడువులు పెట్టడం కోర్టు పని కాదు, అది శాసనం చేయడమే అన్నారు. చట్టసభ పెట్టకూడదనలేదు.

మూడో బెంచీ: గడువు దాటితే కేసే పోవాలా, ముద్దాయి బయటికొస్తే చాలా? అసలు తగాదా ఇది. కెనడాలో 2016 జోర్డాన్ తీర్పు ప్రకారం అభియోగం మోపిన నాటి నుంచి కింది కోర్టులో 18 నెలలు, పై కోర్టులో 30. డిఫెన్స్ చేసిన ఆలస్యం తీసేసి లెక్కిస్తారు. దాటితే, ప్రత్యేక పరిస్థితులేవీ చూపలేకపోతే, కేసు ఆగిపోతుంది, హత్య కేసైనా సరే. మన దగ్గర సాక్షికి సమన్లు అందించడం పోలీసుల చేతిలో పని. కేసు పోతుందంటే, ముద్దాయి తరఫున ఆ సమన్లు అందకుండా చూసేవాళ్లు పుట్టుకొస్తారు. నష్టం బాధితురాలికి.

బార్‌రూమ్ టీ: బెయిలు వరకైతే ఒప్పుకుంటా. బీఎన్‌ఎస్‌ఎస్ 479 ఉంది కదా: గరిష్ఠ శిక్షలో సగం, తొలి నేరమైతే మూడో వంతు జైల్లో గడిస్తే విడుదల. కానీ యావజ్జీవం పడే సెక్షనుంటే వర్తించదు, రెండో కేసు పెండింగులో ఉన్నా అంతే. ఏళ్లకేళ్లు లోపలుండేది ఎక్కువగా వీళ్లే.

మూడో బెంచీ: సవరించాల్సింది అక్కడే. దాంతోపాటు డాకెట్ (ప్రతి వాయిదాకీ కోర్టు ఫైల్లో రాసే నోటు) రాసే పద్ధతి కూడా. ‘పీడబ్ల్యూ-3 (ప్రాసిక్యూషన్ మూడో సాక్షి) రాలేదు, కాల్ ఆన్ (ఫలానా తేదీకి వాయిదా)’ అని ఊరుకుంటే ఆలస్యం ఎవరిదో తేలదు. సమన్లు అందాయా, వాయిదా ఎవరడిగారు, జడ్జి సెలవా, ముద్దాయిని జైలు నుంచి తెచ్చే పోలీసు ఎస్కార్టు లేదా అని ప్రతి వాయిదాకీ రాయాలి. ఎ-2 (రెండో ముద్దాయి) పరారైతే అతని కేసు వెంటనే స్ప్లిట్ చేయాలి (విడదీయాలి), అతని రోజులు ఎ-1 ఖాతాలో పడకూడదు.