ఫోర్డ్ మోడల్ టీ గొప్పదా, మోడల్ ఏ గొప్పదా?

పాతబండి: మొన్న డెట్రాయిట్ పక్కన డియర్‌బర్న్‌లో గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ అనే మ్యూజియంకి వెళ్ళి ఫోర్డ్ వాళ్ళ పాత కారు మోడల్ టీ ఎక్కాం. దిగిన దగ్గర్నుంచి ఇంట్లో ఒకటే వాదన. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర తయారైన టీ గొప్పదా, దాని తర్వాత వచ్చిన మోడల్ ఏ గొప్పదా? నా ఓటు టీకే.

నాలుగుబ్రేకులు: టీకి 20 హార్స్‌పవర్, మోడల్ ఏకి 40. మోడల్ ఏకి నాలుగు చక్రాలకీ బ్రేకులు, ముందు సేఫ్టీ గ్లాసు. టీలో బ్రేకు తొక్కితే బిగిసేది గేర్‌బాక్సు లోపలి పట్టీ. పిల్లల్ని ఏ బండిలో కూర్చోబెడతారు? పైగా నిటారు ఎత్తు ఎక్కాలంటే టీని రివర్సులో నడపాలి!

పాతబండి: ఆ రివర్సు సంగతి సగమే చెప్తారు అందరూ. పెట్రోలు ట్యాంకు సీటు కింద, పంపు లేదు. పెట్రోలు తక్కువున్నప్పుడు ఎత్తెక్కితే ముందున్న ఇంజన్ పైకి లేచి, దాని కార్బురేటర్‌కి పెట్రోలు అందదు, అంతే; రివర్సులో అయితే ట్యాంకే పైన ఉంటుంది. 1926లో చాలా రకాలకి ట్యాంకుని విండ్‌షీల్డు ముందుకి జరిపారు. మీ మోడల్ ఏకి మాత్రం పంపు ఉందా? అక్కడా పైనుంచి కిందికి జారడమే.

నాలుగుబ్రేకులు: ట్యాంకు జరపడానికి అన్నేళ్ళా!

గోదారిగట్టు: బ్రేకుల దగ్గర మొదలెట్టి ట్యాంకులో పడ్డారేంటండీ ఇద్దరూ.

పాతబండి: తేల్చాల్సిందే. టీని రైతు తన కొట్టంలోనే విప్పి బిగించుకునేవాడు. వెనక చక్రం పైకెత్తి, బెల్టు తగిలించి, రంపం ఆడించుకునేవాడు. 1925లో టీలో రెండు సీట్ల రకం, రోడ్‌స్టర్, 260 డాలర్లు. మామూలు మనిషి చేతికొచ్చిన బండి అది.

నాలుగుబ్రేకులు: చేతికొస్తే సరిపోతుందా, ప్రాణాలు నిలవాలి కదా! పాత బండి మీద మోజుతో మనుషుల్ని లెక్కచెయ్యట్లేదు మీరు.

పాతబండి: మనుషుల సంగతి నాకు చెప్పకండి. టీని ఆపింది 1927 మే 26న. మోడల్ ఏని జనానికి చూపించింది డిసెంబరు 2న. ఆ ఆరు నెలలూ డెట్రాయిట్‌లో వేలమంది పని లేక ఇంట్లో కూర్చున్నారు. నాకది పుస్తకంలో చదివిన ముక్క కాదు. ఇక్కడే ఒక విడిభాగాల కంపెనీలో తొమ్మిదేళ్ళు చేశాను. కొత్త మోడల్‌కి లైను మారుస్తున్నామని ఒక శుక్రవారం మా టీమ్ మొత్తాన్ని పంపేశారు. హెచ్1బీ వీసా మీద ఉన్నవాడికి కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి చేతిలో ఉండేది 60 రోజులు. కొత్త బండి ఎంత బాగుందో ఎవరు చెప్పినా నాకు ముందు ఆ శుక్రవారమే గుర్తొస్తుంది.

నాలుగుబ్రేకులు: అన్నా, ఈ మాట ముందే చెప్పాల్సింది. అయినా 1927లో తప్పు ఆ కొత్త మోడల్‌దా? టీ పాతబడిందని కొడుకు ఎడ్సెల్ మొత్తుకున్నా కంపెనీ యజమాని హెన్రీ ఫోర్డ్ వినలేదు. పోటీ కంపెనీ షెవర్లే అమ్మకాల్లో తరుముకొచ్చేదాకా పట్టుకుని వేలాడాడు. కొత్తది సిద్ధం చేసుకుని పాతది ఆపితే ఆ వేలమందికి పస్తులుండేవి కావు. నేను అడుగుతున్నది బండి గురించి కాదు, వేళకి మారని యజమాని గురించి.

పాతబండి: 1914లో రోజుకి 5 డాలర్లు ఇచ్చింది కూడా ఆ యజమానే.

నాలుగుబ్రేకులు: ఇచ్చాడు. 1927లో ఎందుకు ఆలోచించలేదు మరి?

పాతబండి: దానికి నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ.

గోదారిగట్టు: ఉద్యోగం దొరికిందా అండీ?

పాతబండి: దొరికింది. 52వ రోజున. ఓటు మాత్రం టీకే.