సిరీస్ ముదురుతోంది, ఆట పలచబడుతోందా?

చౌరస్తా చిన్నోడు:
ఏళ్ల తరబడి నడుస్తున్న వీడియో గేమ్ సిరీస్‌లలో కొత్తదనం పోయింది, పైగా ఆట మరీ తేలికైపోయింది. ఇదీ నా వాదన. కాదనేవాళ్లు రండి, కానీ కారణం చెప్పి కాదనండి.

నా సాక్ష్యం ప్రిన్స్ ఆఫ్ పర్షియా. స్కూల్ రోజుల్లో హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక నెట్ సెంటర్లో గంటకు 20 రూపాయలిచ్చి ఆడేవాళ్లం. 1989 నాటి మొదటి ఆట. రాకుమారిని విడిపించడానికి 60 నిమిషాలే గడువు. చస్తే లెవెల్ మొదటికొస్తాం, గడియారం మాత్రం వెనక్కి రాదు. చూడ్డానికి మామూలుగా ఉన్న పలక, కాలు పెట్టగానే గడగడలాడి ఊడి పడేది. మేకులున్న చోట పరుగెత్తితే అంతే సంగతులు. షిఫ్ట్ నొక్కిపట్టి ఒక్కో అడుగే వేస్తే వాటి మధ్యలోంచి ఏమీ కాకుండా నడిచిపోవచ్చు. ఈ ముక్క మాకు ఎవరూ చెప్పలేదు, నెల రోజులు చచ్చి తెలుసుకున్నాం. ఆటలో గంట, సెంటర్లో గంట. సిస్టం ఆన్ అయ్యేసరికే అయిదు నిమిషాలు పోయేది కాబట్టి రాకుమారి గడువు కన్నా ముందే ఓనర్ వచ్చి "టైమైపోయింది, లెవ్వుండ్రి" అనేవాడు.

అదే సిరీస్‌లో 2003లో వచ్చిన శాండ్స్ ఆఫ్ టైమ్‌లో పడిపోతే కాలాన్ని వెనక్కి తిప్పుకోవచ్చు. సరే, అది కొత్త ఆలోచనే. పైగా కాలాన్ని తిప్పే ఇసుక అయిపోతే తిప్పలేం. 2008 ఆటకొచ్చేసరికి చూడండి. లోయలో పడ్డ ప్రతిసారీ వెంట ఉండే ఎలికా అనే అమ్మాయి చెయ్యిచ్చి పైకి లాగుతుంది. ఇక చావే లేదు. చావు లేనప్పుడు దూకేముందు ఆగి చూడాల్సిన పనేముంది?

కాజీపేట జంక్షన్:
అన్నా, నువ్వు కష్టమంటున్నదాంట్లో సగం కష్టం కాదు, గల్లాపెట్టె. ఆర్కేడ్ మిషన్లు బిళ్ల వేస్తే నడిచేవి. ఆడేవాడు త్వరగా చస్తేనే ఇంకో బిళ్ల పడేది. ఆ అలవాటే టీవీ గేముల్లోకీ వచ్చింది. కాంట్రా అనే తుపాకుల ఆటలో ఒక్క తూటా తగిలితే లైఫ్ పోవడం అక్కడి వారసత్వమే. చావకుండా ఆడితే ఆ ఆట గంట కూడా రాదు. కొన్నవాడికి నెలలు రావాలంటే చంపుతూ ఉండాలి, అంతే.

ఇంకో సంగతి. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బీ, ఏ. కాంట్రాలో 30 లైఫ్‌లిచ్చే ఈ కోడ్ మనలో చాలామందికి ఎక్కాల కన్నా ముందు వచ్చింది. అది మొదట 1986లో గ్రేడియస్ అనే ఆటలో పెట్టారు. పెట్టింది కజుహిసా హషిమొటో, ఆ ఆటను ఆర్కేడ్ నుంచి ఇంటి మిషన్‌కి తెచ్చినాయన. ఎందుకు పెట్టాడంటే, పరీక్షించేటప్పుడు తన ఆట తనకే కొరుకుడు పడలేదు!

అదే ఏడాది జపాన్‌లో సూపర్ మారియో రెండో భాగం వచ్చింది. మరీ కష్టంగా ఉందని అప్పట్లో దాన్ని అమెరికాకు పంపనే లేదు. ఇంకో ఆటకు మారియో వేషం వేసి 1988లో అక్కడ అదే రెండో భాగమని అమ్మారు. కాబట్టి ఆట తేలిక చేయడం నిన్న మొన్న పుట్టిన రోగం కాదు.

సుబేదారి అక్క:
చిన్నోడూ, నీ పక్షమే గానీ నీ కారణానికి కాదు. మావాడికి పదేళ్లు, పోకెమాన్ పిచ్చి. వాడితో పాటు కూర్చుని నేనూ ఆడతాను.

ఈ సిరీస్ 1996లో మొదలైంది. వెంట ఆరు జీవాలుంటాయి, పోరాడిన కొద్దీ వాటి లెవెల్ పెరుగుతుంది. పోరాడని వాటికి కూడా అనుభవం పంచే వస్తువు ఒకటి ముందునుంచీ ఉంది. 2013లో ఎక్స్, వై ఆటలు వచ్చినప్పుడు అది మొత్తం గుంపుకు పంచేలా మారింది. అప్పటికీ ఫర్వాలేదు, వద్దనుకుంటే ఆపేసుకునే మీట ఉండేది. 2019లో స్వోర్డ్, షీల్డ్ ఆటలకొచ్చేసరికి ఆ మీట తీసేశారు. ఒకటి కొట్లాడితే ఆరూ బలుస్తాయి. మనం వద్దన్నా బలుస్తాయి. బువ్వ తినడం నేర్చుకున్న పిల్లాడి చేతులు పట్టుకుని ముద్దలు కలిపి పెట్టినట్టుంటుంది.

నా గొడవ తేలిక గురించి కాదు, ఆ మీట గురించి. చిన్నపిల్లలు, చేతులు సరిగా సహకరించనివాళ్లు, పగలంతా డ్యూటీ చేసి రాత్రి అరగంట ఆడుకునేవాళ్లు, వీళ్లందరికీ తేలిక దారి ఉండాల్సిందే. నాక్కూడా కొన్ని రోజులు అదే కావాలి. కానీ రెండో దారి మూసేయడం ఎందుకు? కంపెనీకి అది చేతకాక కాదు. 2012లో పోకెమాన్ బ్లాక్ 2లో కష్టమైన మోడ్ ఇచ్చారు. ఇచ్చి ఏం చేశారు? ఆటంతా పూర్తి చేశాకే అది తెరుచుకునేలా పెట్టారు. పెళ్లి భోజనాలయ్యాక పిలుపు వచ్చినట్టు.

మావాడు తనకు తనే రూలు పెట్టుకున్నాడు. పోరులో పడిపోయినదాన్ని ఇక ముట్టుకోకూడదు, కొత్త చోటుకెళ్తే మొదట కనిపించినదాన్నే పట్టుకోవాలి. ప్రపంచమంతా ఈ పద్ధతిని నజ్‌లాక్ అంటుంది. మొన్న వాడికెంతో ఇష్టమైన పోకెమాన్ అలా పోయింది. అన్నం మానేసి పడుకున్నాడు. కంపెనీ పెట్టని టెన్షన్ వాడే పెట్టుకున్నాడు.

బీజీఎంఐ బాధితుడు:
కష్టం కావాలంటే రాత్రి పదింటికి బీజీఎంఐలోకి రండి, ఫోన్‌లో జనం ఒకరితో ఒకరు కొట్లాడే ఆట అది. కంపెనీ పెట్టిన పెద్ద శత్రువులు, అదే బాస్‌లు, తేలికేమో, అవతలున్న పోరగాళ్లు కాదు.

మంచిర్యాల మారియో:
మీరు రెండు వేరే గొడవల్ని ఒకే మూటలో కడుతున్నారు. కొత్తదనం లేకపోవడం ఒకటి, తేలికవడం ఇంకొకటి. కొన్నిసార్లు కొత్తదనమే ఆటను తేలిక చేస్తుంది. అక్క చెప్పిన పోకెమాన్‌లోనే చూడండి. 2022లో స్కార్లెట్, వయొలెట్ ఆటల్లో ఎటైనా పోవచ్చని ప్రపంచమంతా తెరిచారు. సిరీస్‌లో అంత పెద్ద మార్పు అరుదు. కానీ మన లెవెల్‌ని బట్టి ఊరూరా మనం ఓడించాల్సిన జిమ్ లీడర్ల లెవెల్ మారదు. ముందు కష్టమైన చోటుకెళ్లి నెగ్గామా, తర్వాత మిగిలినవాళ్లంతా ఊదితే పడిపోతారు. స్వేచ్ఛ ఇచ్చారు, దానికి తగ్గ లెక్క వేయలేదు. అయినా మొదటి మూడు రోజుల్లోనే కోటి కాపీలు పోయాయి. అలా అమ్ముడుపోతుంటే ఆ లెక్క వేయాలని ఎవడికి తొందర?

మూస సంగతి కూడా అంతే. అసాసిన్స్ క్రీడ్ సిరీస్ ఏటా వచ్చి వచ్చి 2014లో యూనిటీ అనే భాగం లోపాలతో నవ్వులపాలైంది. 2016లో ఒక ఏడాది ఆగి, 2017లో ఒరిజిన్స్‌తో తీరు మార్చారు. బాగుంది. తర్వాత ఒడిస్సీ, వల్హల్లా కూడా అదే తీరు, ఇంకా పొడుగ్గా. మూసను పగలగొట్టిన ఆటే తర్వాతి మూస అయింది.

సిరీస్‌ను ఆపేయాలా అంటే అదీ కాదు. క్రికెట్ 07 ఆట తర్వాత దాన్ని తీసిన ఈఏ కంపెనీవాళ్లు క్రికెట్ మానేశారు. మనవాళ్లు ఊరుకున్నారా? ఇప్పటికీ జెర్సీలు, జట్లు మార్చిన ప్యాచ్‌లు వేసుకుని ఆడుతున్నారు. నేనూ ఆడతాను. ముసలి ఎద్దుకు కొత్త గజ్జెలు కట్టినట్టే, కానీ ఇంకో ఎద్దు లేదుగా.

చౌరస్తా చిన్నోడు:
జంక్షన్ తమ్మీ, గల్లాపెట్టె సంగతి ఒప్పుకుంటున్నా. కానీ జీటీఏ సిరీస్‌లోని వైస్ సిటీకి ఏ గల్లాపెట్టె ఉంది? 2002 ఆట. అందులో రిమోట్ హెలికాప్టర్‌తో కడుతున్న బిల్డింగ్‌లోకి నాలుగు బాంబులు మోసే మిషన్ గుర్తుందా? టైమ్ నడుస్తుంటుంది, రెక్క గోడకు తగులుతుంది, కింద పనివాళ్లు కొట్టడానికొస్తారు. సెంటర్లో ఒకడు ఆ మిషన్ దాటిస్తాడంటే పక్క సిస్టంల వాళ్లు తమ గంట వదిలేసి లేచొచ్చేవారు. వాడికి 5 రూపాయలిచ్చి దాటించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అదే సిరీస్ 2013లో జీటీఏ 5కి వచ్చేసరికి, ఒక చోట మూడుసార్లు ఓడితే ఆ ముక్క దాటేస్తావా అని అదే అడుగుతుంది. దాటేస్తే నాకేం మిగిలింది?

కష్టం అమ్ముడుపోదనకండి. 2022 ఫిబ్రవరిలో ఎల్డెన్ రింగ్ అనే బాగా కష్టమైన ఆట వచ్చింది. నెల తిరక్కముందే 1 కోటి 20 లక్షల కాపీలు.

కాజీపేట జంక్షన్:
ఆ ఎల్డెన్ రింగ్‌లో గుర్రముంది, సాయానికి ఆత్మల్ని పిలుచుకోవచ్చు, బాస్ కుదరకపోతే వేరే దిక్కుకి పోవచ్చు. ఆ కంపెనీ పాత ఆటల కన్నా దార్లు ఎక్కువ. అక్క అడుగుతున్న మీట అదే కదన్నా, వేరే రూపంలో.

నీ ప్రిన్స్‌కి కూడా 2024 జనవరిలో ద లాస్ట్ క్రౌన్ వచ్చింది. శత్రువు దెబ్బ ఎంత గట్టిగా తగలాలో కూడా ఎవరికి వారు పెట్టుకోవచ్చు. కొత్తదనం ఉంది, కష్టం ఉంది, మీట ఉంది. ఆ ఏడాది తిరక్కముందే దాన్ని చేసిన టీమ్‌ను వేరే పనులకు పంచేశారు. నువ్వు కొన్నావా?

చౌరస్తా చిన్నోడు:
కొనలేదు. సేల్ వచ్చినప్పుడు చూద్దామనుకున్నా. ఆ దెబ్బ బాగానే తగిలింది తమ్మీ.

ఆదివారం మేనకోడలు వచ్చింది, పన్నెండేళ్లు. పంతం కొద్దీ 1989 ప్రిన్స్ ముందు కూర్చోబెట్టా. రెండు నిమిషాల్లో పారిపోతుందనుకున్నా. "మామా, ఈయన పరుగెత్తి ఆగడానికి ఇంత సేపేంటి?" అని కీబోర్డును తిట్టింది గానీ లేవలేదు. మొదటి లెవెల్లో కత్తి ఎక్కడుందో మాకు తెలియడానికి ఎన్ని 20 రూపాయల నోట్లు ఖర్చయ్యాయో! తను తిన్నగా ఎడమవైపు పోయి వెతికింది. ఇంతకు ముందు తను ఆడిన ఆటలన్నింట్లో దాచిన వస్తువులు వెనక వైపే ఉంటాయట. భోజనానికి పిలిస్తే వినిపించుకోలేదు. వచ్చే ఆదివారం నాలుగో లెవెల్ దాకా పోతుందేమో. అక్కడ అద్దముంది. ఆ అద్దంలోంచి దూకితే ఏమవుతుందో ఇక్కడెవరూ రాయకండి, తను ఇది చదువుతోంది.

సుబేదారి అక్క:
రాయంలే. మరి షిఫ్ట్ కీ సంగతి తనే కనుక్కుందా?

చౌరస్తా చిన్నోడు:
మూడోసారి మేకుల మీద పడ్డాక నేనే చెప్పానక్కా.