చురుకైన ఆపరేటర్‌ను ఏ స్టేషన్‌లో ఉంచితే ఎక్కువ ఉత్పత్తి వస్తుంది?

ప్రశ్న

కంట్రోల్ బాక్సులు తయారుచేసే ఒక చిన్న లైన్‌ను నేను చూసుకుంటున్నాను. మొదటి స్టేషన్‌లో బాక్సులో పరికరాలు బిగిస్తారు, రెండో స్టేషన్‌లో వైరింగ్ చేస్తారు. రెండు పనులూ తెలిసిన ఆపరేటర్లు ఇద్దరున్నారు. సీనియర్ గంటకు 12 బాక్సులు బిగించగలడు, వైరింగ్‌కు కూర్చుంటే 9 పూర్తి చేస్తాడు. జూనియర్ 10 బిగిస్తాడు, వైరింగ్ మాత్రం 5 బాక్సులకే చేయగలడు. స్టేషన్ల మధ్య ఉన్న బల్ల మీద మూడు బాక్సులకు మించి చోటు లేదు. వైరింగ్ దగ్గర రెండో సీటు, రెండో జత పనిముట్లు ఉన్నాయి.

సీనియర్ బిగింపులో అంత వేగంగా ఉంటాడు కాబట్టి ఇన్నాళ్లూ అతణ్ణి మొదటి స్టేషన్‌లోనే ఉంచాను. షిఫ్టు మొదలైన అరగంటలోపే బల్ల నిండిపోతుంది. ఆ తరువాత బిగించిన బాక్సును ఎక్కడ పెట్టాలో తోచక అతడు చేత్తో పట్టుకుని నిలబడటం ప్రతిరోజూ చూస్తున్నాను. అలాంటప్పుడు వైరింగ్‌కు సాయం వెళ్లమంటున్నాను. ఎంత జాగ్రత్తగా చూసుకున్నా ఎనిమిది గంటల షిఫ్టులో 64 బాక్సులు దాటడం లేదు. ఇంకొక మనిషిని తీసుకోవడం తప్ప మార్గం లేదా?

మొదటి జవాబు

మనిషిని తీసుకునే ముందు ఇద్దరినీ అటూ ఇటూ మార్చి చూడండి. ఎవరు ఏ పనిలో వేగంగా ఉన్నారన్నదాని కంటే, ఒకరు రెండో పనికి మారినప్పుడు ఎంత వేగం కోల్పోతున్నారన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన విషయం. సీనియర్ వైరింగ్‌కు మారితే అతని వేగం 12 నుంచి 9కి, అంటే నాలుగో వంతు తగ్గుతుంది. జూనియర్ వేగం సగానికి పడిపోతుంది. అందువల్ల సీనియర్ రెండు పనుల్లోనూ ముందున్నా, అతని చోటు వైరింగ్ దగ్గరే.

మీ ఇప్పటి అమరికలో ఎవరూ ఎవరికీ సాయం వెళ్లకపోతే గంటకు 5 బాక్సులే వస్తాయి. సీనియర్ తన సమయంలో మూడో వంతు వైరింగ్‌కు ఇస్తే అది 8 అవుతుంది. మీరు చెప్పిన 64 ఇక్కడినుంచి వచ్చిందే. ఇద్దరినీ మార్చి ఎవరి చోట వారిని కదలకుండా ఉంచినా గంటకు 9 వస్తాయి. ఆపైన జూనియర్ గంటకు నాలుగు నిమిషాల చొప్పున వైరింగ్‌కు సాయం చేస్తే 9.33 వరకు వెళ్తుంది. ఈ వేగాలతో ఈ ఇద్దరి నుంచి రాగల గరిష్ఠ ఉత్పత్తి అదే.

రెండు స్టేషన్లు, ఇద్దరు పనివాళ్లు ఉన్న లైన్ల గురించి ఆంద్రదోత్తిర్, ఐహన్, డౌన్ అనే పరిశోధకులు 2001లో చూపిన నియమం కూడా ఇదే చెబుతుంది. రెండు అమరికల్లోనూ ఇద్దరి వేగాలను గుణించి, ఎక్కువ వచ్చిన దానిని ఎంచుకోవాలి. మీ ఇప్పటి అమరికకు 12 × 5 = 60, తిరగవేసిన దానికి 10 × 9 = 90. ఆ తరువాత, పెట్టడానికి చోటు లేకనో చేయడానికి బాక్సు లేకనో తన చోట పని ఆగిపోయినవారు మాత్రమే రెండో స్టేషన్‌కు వెళ్లాలి. ఇద్దరి వేగాల్లో తేడా లేకపోయినా, ఒక్కొక్కరికి రెండు పనుల్లోనూ ఒకే వేగం ఉన్నా ఈ లెక్క అక్కరలేదు. ఎవరూ ఖాళీగా లేకుండా చూసుకుంటే చాలు.

రెండో జవాబు

పై లెక్కతో ఏకీభవిస్తున్నాను. అయితే ఆ నియమంలో ఇద్దరు కలిసి చేస్తే వారి వేగాలు కూడతాయన్న ఊహ ఉంది, కానీ ఒకే బాక్సులో నాలుగు చేతులు దూరి వైరింగ్ చేయడం కుదరదు. మీకు రెండో సీటు ఉండటం అందుకే అదృష్టం. గంటకు నాలుగు నిమిషాల కోసం జూనియర్‌ను పదేపదే లేపకండి. బల్ల నిండిన వెంటనే అతడు ఒక బాక్సును తీసుకుని, పన్నెండు నిమిషాలు కూర్చుని దానిని పూర్తిగా ముగించి వెనక్కి వెళ్లాలి. ఆ పన్నెండు నిమిషాల్లో సీనియర్ దాదాపు రెండు బాక్సులు తీసుకుంటాడు కాబట్టి బల్ల దాదాపు ఖాళీ అవుతుంది. అది మళ్లీ నిండటానికి సుమారు రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలు పడుతుంది. అంటే మూడు గంటలకు 28 బాక్సులు, అందులో ఒక్కటే జూనియర్ వైరింగ్ చేసినది.

ఈ లెక్క పని సమాన వేగంతో సాగితేనే నిలుస్తుంది. ఒక స్క్రూ మర పాడైనా బల్ల ఖాళీ అయిపోయి సీనియర్ ఆగిపోతాడు. మూడు బాక్సుల చోటు చాలా తక్కువ. దానిని ఆరుకు పెంచగలిగితే ముందుగా ఆ పని చేయండి.

బార్తోల్డీ, ఐజెన్‌స్టీన్ 1996లో వివరించిన బకెట్ బ్రిగేడ్ పద్ధతిలో నెమ్మదిగా చేసేవారు మొదట, వేగంగా చేసేవారు చివర ఉంటారు. చివరివారు తమ పని ముగించగానే వెనక్కి వచ్చి ముందువారి చేతిలోని పనిని అందుకుంటారు. మీ వేగాలతో అది కూడా 9.33 దగ్గరే ఆగుతుంది, కానీ ప్రతి బాక్సునూ వైరింగ్ మొదలైన అర నిమిషంలోపే చేతులు మార్చుకోవాలి. సగంలో వదిలిన వైరును ఇంకొకరు అందుకోవడం తప్పులకు దారి తీస్తుంది కాబట్టి మీకు దానిని సూచించను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రేపటినుంచే చోట్లు మారుస్తాను. జూనియర్‌కు వైరింగ్‌లో శిక్షణ ఇప్పించాలని అనుకుంటున్నాను. అది సరైన ఆలోచనేనా?

మొదటి జవాబు ఇచ్చినవారు

ఉత్పత్తి కోసమే అయితే కాదు. వైరింగ్‌లో అతని వేగం 5 నుంచి 6కు పెరిగితే మొత్తం 9.33 నుంచి 9.375కు మాత్రమే చేరుతుంది, ఎందుకంటే అతడు ఆ సీటులో కూర్చునేది చాలా కొద్దిసేపు. అదే శ్రమతో బిగింపు వేగాన్ని 10 నుంచి 11కు పెంచితే 9.625 వస్తుంది, అంటే షిఫ్టుకు 77 బాక్సులు. అయితే సీనియర్ రాని రోజున వైరింగ్ అంతా జూనియర్ మీదే పడుతుంది. అలాంటి రోజులు తరచుగా వస్తుంటే మీ ఆలోచనే సరైనది.